అద్దె కంప్యూటర్ ఏ తరానిది?



అమెజాన్ కంపెనీ క్లౌడ్‌లో అద్దెకిచ్చే కంప్యూటర్లలో ఎం1 లార్జ్ అని ఒక రకం ఉంది. 2007లో వచ్చింది. రెండు ప్రాసెసర్లు, 7.5 జీబీ మెమరీ. అదే కంపెనీ దగ్గర ఎం5 లార్జ్ అని మరో రకం ఉంది. అది 2017 చివర్లో వచ్చింది. దానికీ రెండు ప్రాసెసర్లే, మెమరీ 8 జీబీ. అమెరికాలోని వర్జీనియా కేంద్రం ధరల పట్టిక ప్రకారం, లైనక్స్‌తో తీసుకుంటే, ఒకదాని అద్దె గంటకు 17.5 సెంట్లు, ఇంకోదాని అద్దె 9.6 సెంట్లు. ఎక్కువ ధర పాతదానిదే. నెలంతా ఆపకుండా నడిపితే పాతదానికి సుమారు 128 డాలర్లు అవుతుంది, కొత్తదానికి 70. పని మాత్రం కొత్తదే ఎక్కువ చేస్తుంది.

వస్తువు పాతబడితే ధర తగ్గుతుందని మనందరం అనుకుంటాం. ఇక్కడ అది తిరగబడింది. పాత రకం మీద ఎవరో ఒకరి వ్యాపారం ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి కంపెనీ దాన్ని మూసేయలేదు. అలాగని ధర తగ్గించాల్సిన అవసరమూ దానికి లేదు. మారాలనుకున్నవాళ్ళు ఎప్పుడో మారిపోయారు. పట్టించుకోనివాళ్ళు పాత ధరే కడుతున్నారు. ఈ ప్రసంగమంతా ఆ పట్టించుకోకపోవడం గురించే.

ఈ బిల్లులు అమెరికాలోనో బెంగళూరులోనో మాత్రమే కడతారనుకోకండి. మార్కులూ ఫీజుల లెక్కలూ ఆన్‌లైన్‌లో పెట్టిన స్కూళ్ళు, కాలేజీలు మన నంద్యాలలోనూ ఉన్నాయి. రోగుల రికార్డులు కంప్యూటర్‌లో దాచుకునే నర్సింగ్ హోములు ఉన్నాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీని క్లౌడ్‌లో పెట్టుకుంటే మిల్లులో కూర్చున్నా ఇంట్లో కూర్చున్నా ఒకే లెక్క కనిపిస్తుందని బియ్యం మిల్లుల వాళ్ళు తెలుసుకున్నారు. ఆళ్ళగడ్డ శిల్పులు తాము చెక్కిన విగ్రహాల ఫొటోలు ఒక వెబ్‌సైట్‌లో పెడితే ఎక్కడో దూరదేశంలో గుడి కడుతున్నవాళ్ళు చూసి కబురు చేయొచ్చు. ఇలాంటి చోట్ల సర్వర్ పెట్టేది చాలాసార్లు బంధువుల అబ్బాయో, హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషో. ఆయన ఆ రోజు చేతికి తగిలిన రకమేదో ఎంచి, పెట్టి, వెళ్ళిపోతాడు. ఏళ్ళు గడిచినా అదే నడుస్తుంటుంది. నెలనెలా కార్డులోంచి డబ్బు పోతుంటుంది. నా మాటలు ముందు అలాంటి యజమానుల కోసం. ఆ తర్వాత మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల కోసం. రేపు పెద్ద కంపెనీల్లో ఇంతకు వెయ్యి రెట్ల బిల్లుల మీద సంతకం పెట్టించేది వాళ్ళే.

వర్చువల్ మెషిన్ అంటే ఏమిటో క్లుప్తంగా చెప్తాను. డేటా సెంటర్‌లో ఒక పెద్ద కంప్యూటర్ ఉంటుంది. అందులో డజన్ల కొద్దీ కోర్లు, వందల జీబీల మెమరీ ఉంటాయి. హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని వాటాలు వేసి, ప్రతి వాటా ఒక విడి కంప్యూటర్‌లా పనిచేసేట్టు చేస్తుంది. ఆ వాటానే మనకు గంటల లెక్కన అద్దెకిస్తారు. ఈ పద్ధతిని ఐబీఎం 1960లలోనే కనిపెట్టింది, 1972లో వీఎం/370 పేరుతో బయటికి తెచ్చింది. మామూలు మనిషి కూడా కార్డు గీకి తీసుకోగలిగింది మాత్రం 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 మొదలయ్యాకే. అప్పుడు ఉన్నది ఒకే ఒక్క రకం. 1.7 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో సమానమైన శక్తి, 1.75 జీబీ మెమరీ, 160 జీబీ డిస్క్, గంటకు 10 సెంట్లు. ఇవాళ మన జేబులో ఉన్న మామూలు ఫోన్‌లో అంతకు రెట్టింపు మెమరీ ఉంటుంది.

తర్వాత రకాలు పెరిగాయి. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. భయపడక్కర్లేదు, పేరు చదవడం వస్తే చాలు. మొదటి అక్షరం కుటుంబం. ఎం అన్ని పనులకూ, సీ లెక్కలు ఎక్కువగా చేసే పనికి, ఆర్ మెమరీ బాగా కావాల్సిన పనికి, టీ అప్పుడప్పుడు మాత్రమే పని తగిలే చిన్న మెషిన్‌కు. పక్కనుండే అంకె తరం. దాని వెనక ఇంకో అక్షరం ఉంటే అది చాలాసార్లు ప్రాసెసర్ ఎవరిదో చెబుతుంది. ఐ అంటే ఇంటెల్, ఏ అంటే ఏఎండీ, జీ అంటే అమెజాన్ సొంతంగా చేయించుకున్న గ్రావిటాన్. చివర సైజు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లోనూ గూగుల్ క్లౌడ్‌లోనూ పేర్లు వేరుగా ఉంటాయి కానీ తరం చెప్పే గుర్తు మాత్రం పేరులో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

తరం మారితే లోపల ఏం మారుతుంది? ప్రాసెసర్ కొత్తదవుతుందని ఎవరైనా చెప్తారు. అంతకంటే పెద్ద మార్పు 2017లో జరిగింది, దాని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి.

పాత తరాలు జెన్ అనే హైపర్‌వైజర్ మీద నడిచాయి. ఇంగ్లాండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. 2003 నుంచి లోకానికి తెలిసింది. ఈ ఏర్పాటులో ఒక ఇబ్బంది ఉంది. ఆ పెద్ద కంప్యూటర్‌లో అద్దెకున్న వాళ్ళందరి డిస్క్ పనీ, నెట్‌వర్క్ పనీ చూడటానికి అదే ప్రాసెసర్‌లో కొంత భాగం పక్కన పెట్టాలి. ఒకే యంత్రం మీద ఉన్న ఇంకెవరో ఒక్కసారిగా విపరీతంగా డేటా పంపడం మొదలుపెడితే ఆ ఒత్తిడి మన మీదా పడుతుంది. మన ప్రోగ్రాం ఎందుకు మందగించిందో మనకు తెలియదు. మనం ఏ మార్పూ చేయలేదు, అయినా మంగళవారం ఒకలా, గురువారం ఒకలా నడుస్తుంది. పైగా ఆ రోజుల్లో ఒకే పేరుతో అద్దెకు తీసుకున్న రెండు మెషిన్లు ఒకటి ఇంటెల్ ప్రాసెసర్ మీద, ఇంకొకటి ఏఎండీ మీద పడే అవకాశం ఉండేది. ధర ఒకటే, వేగం వేరు.

2017లో సీ5 రకంతో నైట్రో వచ్చింది. నెట్‌వర్క్, డిస్క్, భద్రత పనులన్నీ ప్రాసెసర్ మీదనుంచి తీసి విడి కార్డులకు అప్పగించారు. ఆ కార్డుల్లో ఉండే చిప్పులు చేసింది అన్నపూర్ణ ల్యాబ్స్. పేరు విని మన తెలుగువాళ్ళదనుకునేరు, అది ఇజ్రాయెల్ కంపెనీ. 2015లో అమెజాన్ దాన్ని కొనేసింది. ఇలా పని విడదీయడంతో ప్రాసెసర్ దాదాపు మొత్తం అద్దెకున్నవాళ్ళకే దక్కింది. నా దృష్టిలో ఐదో తరాన్ని అంతకు ముందువాటి నుంచి వేరు చేసేది గిగాహెర్ట్జ్ కాదు, ఈ నిలకడ. వేగం కాస్త తక్కువైనా ప్రతిరోజూ ఒకేలా నడిచే మెషిన్‌నే నమ్మి వ్యాపారం పెట్టుకోగలం.

మరో తేడా ఉంది. బిల్లులో రెండు వర్చువల్ ప్రాసెసర్లు అని రాసి ఉంటే అవి రెండు కోర్లు అనుకుంటాం. ఇంటెల్ మెషిన్లలో చాలావరకు అవి ఒకే కోర్‌లోని రెండు దారాలు. ఒకదానికి పని ఎక్కువైతే రెండోది కాస్త తగ్గుతుంది. గ్రావిటాన్‌లో ఒక్కో వర్చువల్ ప్రాసెసర్ ఒక్కో నిజమైన కోర్. ఏఎండీ ఏడో తరం ఎం7ఏ లోనూ అంతే. కాబట్టి రెండూ రెండే కదా అని పక్కపక్కన పెట్టి ధర చూస్తే ఆ లెక్క తప్పుతుంది.

మరి ఎలా పోల్చాలి? దీనికి నంద్యాలకు మించిన గురువు అక్కర్లేదు. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. కొత్త వంగడం వచ్చిందంటే అక్కడ ఏం చేస్తారో మన రైతులకు తెలుసు. ఒకే నేల, ఒకే నీరు, ఒకే ఎరువు, ఒకే రోజు విత్తనం. పక్కపక్క మడుల్లో పాత రకమూ కొత్త రకమూ వేస్తారు. ఒక్క మడి చూసి మాట చెప్పరు, చాలా మడులు వేసి సగటు తీస్తారు. ఆ తర్వాత రైతు పొలంలో కూడా వేసి చూస్తారు. ఫారంలో వచ్చిన దిగుబడి కేసీ కాలువ చివరి ఎకరంలో రావాలని లేదు కదా. ఇంకో సంగతి. ఎన్‌బీఈజీ 47 అనే శనగ రకం ఇక్కడిదే. దాని విలువ దిగుబడి ఒక్కదానిలోనే లేదు. మొక్క నిటారుగా ఎత్తుగా పెరుగుతుంది కాబట్టి యంత్రంతో కోయొచ్చు. కూలీలతోనే కోయించుకునే రైతుకు ఆ గుణం వల్ల ఒరిగేది తక్కువ. కొత్త రకంలో ఏ గుణం పెరిగిందో, అది మన సాగుకు పనికొస్తుందో లేదో చూసుకున్నవాడే లాభపడతాడు. క్లౌడ్ మెషిన్ల పోలిక అచ్చంగా ఇదే పని.

కంపెనీ చెప్పే అంకెలన్నిటి చివరా "వరకు" అనే మాట ఉంటుంది. ఎం4 కంటే ఎం5లో ధరకు తగ్గ పనితనం 14 శాతం వరకు మెరుగు అన్నారు. ఎం5 కంటే ఎం6జీ 40 శాతం వరకు అన్నారు. ఎం6జీ కంటే ఎం7జీ 25 శాతం వరకు, ఎం7జీ కంటే ఎం8జీ 30 శాతం వరకు వేగం అన్నారు. ఇవి అబద్ధాలని నేను అనడం లేదు. వాళ్ళు ఎంచుకున్న పనిలో వాళ్ళకు వచ్చిన ఫలితాలు అవి. మన పనిలో ఎంత వస్తుందో మనమే చూసుకోవాలి.

ఇప్పుడు ధరల వరస వినండి. అన్నీ లార్జ్ సైజే, అన్నీ వర్జీనియా ధరలే. 2015 నాటి ఎం4 గంటకు 10 సెంట్లు. 2017 నాటి ఎం5 9.6 సెంట్లు. 2020లో గ్రావిటాన్‌తో వచ్చిన ఎం6జీ 7.7 సెంట్లు. 2021 నాటి ఇంటెల్ ఎం6ఐ 9.6 సెంట్లు. ఇంతవరకూ కొత్త తరమంటే పాత ధరో, అంతకంటే తక్కువో. ఆరో తరం దాటాక గాలి మారింది. 2023లో వచ్చిన ఎం7ఐ 10.08 సెంట్లు, అంటే ఎం6ఐ మీద 5 శాతం ఎక్కువ. ఎం7జీ 8.16 సెంట్లు, ఎం6జీ మీద దాదాపు 6 శాతం ఎక్కువ. 2024లో వచ్చిన ఎం8జీ సుమారు 8.98 సెంట్లు, ఎం7జీ మీద 10 శాతం ఎక్కువ.

ఈ మార్పును చాలామంది గమనించలేదు. కొత్త తరానికి మారితే డబ్బు మిగులుతుందన్న మాట ఆరో తరం వరకు కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. ఆ తర్వాత నమ్మకూడదు. ప్రాసెసర్‌ను రోజంతా నూటికి ఎనభై పాళ్ళు వాడుకునే పని అయితే 10 శాతం ఎక్కువిచ్చి 25, 30 శాతం ఎక్కువ పని రాబట్టుకోవచ్చు. నాలుగు మెషిన్లు చేసే పని మూడు చేస్తాయి. అక్కడ లాభమే. కానీ మన ఊళ్ళలోని చిన్న సర్వర్లలో ప్రాసెసర్ రోజులో ఎక్కువ భాగం ఊరకే ఉంటుంది. పదిహేను శాతం కూడా వాడని మెషిన్‌ను ఎనిమిదో తరానికి మారిస్తే ఆ ఊరకే ఉండే సమయానికి పది శాతం ఎక్కువ కట్టినట్టు. అలాంటివాళ్ళు చేయాల్సింది తరం పెంచడం కాదు, సైజు తగ్గించడం. మీడియం సైజు ఉన్న రకాల్లో లార్జ్ నుంచి దానికి దిగితే అద్దె సగమవుతుంది. ఒక తరం నుంచి పక్క తరానికి మారడం అంత మిగల్చదు.

ఇక టీ కుటుంబం సంగతి. చిన్న వెబ్‌సైట్లలో చాలావాటికి ఇదే చాలు కాబట్టి దీని మీద కాస్త సమయం తీసుకుంటాను.

టీ2 2014లో వచ్చింది, టీ3 2018లో, గ్రావిటాన్‌తో నడిచే టీ4జీ 2020లో. మైక్రో సైజులో మూడింటికీ 1 జీబీ మెమరీ. టీ2కు ఒక ప్రాసెసర్, మిగతా రెండింటికీ రెండేసి. ధరలు వరసగా గంటకు 1.16 సెంట్లు, 1.04 సెంట్లు, 0.84 సెంట్లు. ఇక్కడా పాతదే ఖరీదు. ఈ మెషిన్లు ఎల్లవేళలా పూర్తి వేగంతో నడవడానికి చేసినవి కావు. వీటికి క్రెడిట్లనే లెక్క ఉంటుంది. ఒక క్రెడిట్ అంటే ఒక ప్రాసెసర్ ఒక నిమిషం పాటు పూర్తి వేగంతో నడవడానికి అనుమతి. టీ2 మైక్రోకు గంటకు 6 క్రెడిట్లు వస్తాయి, అత్యధికంగా 144 దాచుకోవచ్చు. టీ3 మైక్రోకు గంటకు 12, అత్యధికంగా 288.

నంద్యాలలో ఒక కాలేజీ తన విద్యార్థుల ర్యాంకులు సొంత వెబ్‌సైట్‌లో పెట్టిందనుకుందాం. ఏడాదంతా రోజుకు వందమంది కూడా చూడని సైట్ అది. ఫలితాల రోజు పొద్దున్నే వేలమంది ఒక్కసారిగా వస్తారు. టీ2 అయితే దాచుకున్న క్రెడిట్లతో రెండున్నర గంటల పైచిలుకు పూర్తి వేగంతో నడుస్తుంది. అవి అయిపోగానే పది శాతానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే పేజీ తెరుచుకోక తల్లిదండ్రులు కాలేజీకి ఫోన్లు చేస్తారు. టీ3 అయితే అలా పడిపోదు. క్రెడిట్లు అయిపోయినా నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని అన్‌లిమిటెడ్ అనే పద్ధతిలో పెట్టే ఇస్తారు. బాగుంది కదా అనిపిస్తుంది. ఆ అదనపు వేగానికి లైనక్స్‌లో ఒక్కో ప్రాసెసర్‌కు గంటకు 5 సెంట్లు వేరుగా పడతాయి.

ఒక్క ఫలితాల రోజుకు ఇది పెద్ద మొత్తమేం కాదు, సంతోషంగా కట్టొచ్చు. ప్రమాదం వేరేచోట ఉంది. ప్రోగ్రాంలో ఏదో పొరపాటు జరిగి మెషిన్ ఆగకుండా తిరుగుతూ ఉన్నా, ఎవరైనా దొంగదారిన చొరబడి మన మెషిన్ మీద క్రిప్టో నాణేలు తవ్వుకుంటున్నా, టీ2 పది శాతానికి పడిపోయి సైట్ మందగిస్తుంది. యజమానికి అనుమానం వస్తుంది. టీ3లో సైట్ ఎప్పటిలాగే నడుస్తుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది. రెండు ప్రాసెసర్లూ రాత్రింబవళ్ళు పూర్తిగా తిరిగితే రోజుకు రెండు డాలర్ల పైన అదనం. నెలకు ఏడున్నర డాలర్ల మెషిన్‌కు డెబ్బై డాలర్లు దాటి బిల్లు వస్తుంది. కాబట్టి టీ2 నుంచి టీ3కి తప్పకుండా మారండి, మారిన రోజే రెండు పనులు చేయండి. బిల్లు ఇంత దాటితే ఈమెయిల్ పంపమని హెచ్చరిక పెట్టుకోండి. అన్‌లిమిటెడ్ అవసరం లేదనుకుంటే స్టాండర్డ్‌కు మార్చుకోండి. ఈ రెండూ ఉచితమే.

మారేటప్పుడు వచ్చే చిక్కులు కూడా చెప్పాలి. చెప్పకపోతే నా మాట విని మార్చి, రేపు సర్వర్ లేవక ఇబ్బంది పడతారు.

జెన్ కాలపు మెషిన్‌ను ఆపి, రకం మార్చి, నైట్రో మెషిన్‌గా మళ్ళీ లేపితే డిస్క్ పేరు మారుతుంది, నెట్‌వర్క్ కార్డు మారుతుంది. వాటికి కావాల్సిన డ్రైవర్లు పాత లైనక్స్‌లోనూ, పాత విండోస్‌లోనూ ఉండకపోవచ్చు. ఉండకపోతే మెషిన్ లేవదు. ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, దాని నుంచి ఒక నకలు లేపి అక్కడ మార్చి చూడండి, అది నడిచాకే అసలుదాన్ని ముట్టుకోండి. ఆపి లేపినప్పుడు బయటి ఐపీ అడ్రస్ కూడా మారిపోవచ్చు. స్థిరమైన అడ్రస్ తీసుకుని ఉండకపోతే వెబ్‌సైట్ పేరు పాత అడ్రస్‌నే పట్టుకుని వేలాడుతుంది.

గ్రావిటాన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది ఆర్మ్ చిప్. ఇంటెల్ కోసం తయారైన ప్రోగ్రాం దాని మీద నేరుగా నడవదు. పీహెచ్‌పీ, పైథాన్, జావా, మైసీక్వెల్ లాంటివాటితో కట్టిన వెబ్‌సైట్‌కు పెద్ద ఇబ్బంది ఉండదు, కొత్తగా అమర్చుకుంటే సరిపోతుంది. కానీ ఈసీ2లో గ్రావిటాన్ మీద విండోస్ సర్వర్ లేదు. టాలీ విండోస్ మీద నడుస్తుంది. కాబట్టి మిల్లు లెక్కలు టాలీలో ఉన్నవాళ్ళు ధర చూసి జీ అక్షరం వైపు వెళ్ళొద్దు. ఐ గానీ ఏ గానీ ఉన్నదే తీసుకోండి.

అసలు ప్రాసెసర్‌ను ముట్టుకోకుండా చేయగలిగిన పని ఒకటుంది, నేనైతే ముందు అదే చేయమంటాను. డిస్కులకూ తరాలుంటాయి. పాత జీపీ2 డిస్క్‌కు నెలకు ఒక జీబీకి 10 సెంట్లు, 2020 డిసెంబరులో వచ్చిన జీపీ3కి 8 సెంట్లు. జీపీ2లో చిన్న డిస్క్‌కు నిలకడైన వేగం తక్కువ. 20 జీబీ డిస్క్‌కు సెకనుకు 100 సార్లు రాయడానికో చదవడానికో మాత్రమే హామీ, ఆపైన కాసేపు మాత్రమే పరుగెత్తనిస్తారు. జీపీ3లో ఎంత చిన్న డిస్క్‌కైనా 3000. మెషిన్ ఆపకుండానే మార్చుకోవచ్చు. సర్వర్ మందంగా ఉందని ప్రాసెసర్ తరం పెంచినవాళ్ళలో కొందరి అసలు జబ్బు ఈ డిస్క్‌లోనే ఉంటుంది.

పాతదాని మీదే ఉంటాం, నడుస్తోంది కదా అనేవాళ్ళకు కూడా ఒక మాట. ఎంతకాలం నడుస్తుందన్నది మన చేతిలో లేదు. అమెజాన్ తన ఎం1, ఎం3 లాంటి పాత రకాలను పాడైపోతున్న పాత యంత్రాల మీద నుంచి తీసి నైట్రో యంత్రాల మీదే నడిపించే ఏర్పాటు చేసింది. అద్దెకున్నవాళ్ళకు ఇబ్బంది కలగకుండా అంత శ్రమ పడటం మెచ్చుకోవాల్సిందే. అదే అమెజాన్ ఈసీ2 క్లాసిక్ అనే తొలినాటి నెట్‌వర్క్ పద్ధతిని 2021లో మూస్తున్నామని చెప్పి, 2023కల్లా పూర్తిగా మూసేసింది. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో పాతవైన బేసిక్ ఏ, స్టాండర్డ్ ఏ రకాలకు 2024 ఆగస్టు 31 చివరి తేదీ అయింది. నోటీసు వచ్చాక హడావిడిగా మారడం కంటే తీరిక ఉన్నప్పుడు పరీక్షించి మారడం మేలు. భద్రత సంగతీ ఉంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు ప్రాసెసర్లలోనే బయటపడ్డాయి. పాత చిప్పుల్లో వాటికి సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది, ఆ అడ్డుకట్ట కొన్ని పనుల్లో వేగాన్ని తగ్గించింది. తర్వాతి తరాల చిప్పుల్లో కొన్నింటికి లోపలే మరమ్మతు చేశారు.

మనకు దగ్గర్లో ఇంకో వెసులుబాటు ఉంది. అమెజాన్ 2016లో ముంబైలో కేంద్రం పెట్టింది, 2022 నవంబరు 22న హైదరాబాదులో రెండోది తెరిచింది. నంద్యాల నుంచి మూడు వందల కిలోమీటర్ల లోపే. ఆలస్యంగా వచ్చిన కేంద్రం కాబట్టి అక్కడ ఎం1, ఎం3 లాంటి పాత తరాలు అసలు లేవు. టీ2 కూడా లేదు, టీ3 నుంచే మొదలు. అక్కడికి మారినవాళ్ళు తరం గురించి ఆలోచించకపోయినా తరం మారిపోతుంది. ధర మాత్రం కేంద్రాన్ని బట్టి మారుతుంది. నేను చెప్పినవి వర్జీనియా ధరలు, మీ కేంద్రం పట్టిక మీరు చూసుకోవాలి. అలాగే సరికొత్త తరం ముందు అమెరికా కేంద్రాల్లో దిగి, మన దగ్గరికి తర్వాత వస్తుంది.

కరెంటు సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. గడివేముల మండలం గని దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు మన కళ్ళ ముందే ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో డేటా సెంటర్ కోసం ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. రాబోయే ఏళ్ళలో డేటా సెంటర్లకు ఎంత కరెంటు ఇవ్వాలి, ఎంత నీరు ఇవ్వాలన్నది మన రాష్ట్రంలో పెద్ద చర్చ కాబోతోంది. గ్రావిటాన్ మూడో తరం అదే పనిని 60 శాతం వరకు తక్కువ కరెంటుతో చేస్తుందని అమెజాన్ చెబుతోంది. "వరకు"ను గుర్తుపెట్టుకునే వింటున్నా, తేడా ఉన్నమాట నిజం. పని లేకపోయినా వెలుగుతూ ఉండే పాత సర్వర్లు లక్షల్లో ఉంటే, వాటి కింద కాలే కరెంటు ఎవరో ఒక రైతు మోటారుకు అందాల్సినదే. బిల్లు కట్టగలం కదా, ఉండనిద్దాం అనుకోవడం నాకు సబబుగా తోచదు.

నంద్యాలలో ఆర్‌జీఎం, శాంతిరామ్ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకూ, ఆళ్ళగడ్డ నుంచి కర్నూలు, కడప, హైదరాబాదు వెళ్ళి చదువుతున్న పిల్లలకూ నా మనవి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన అంశాలు వద్దు. ఈ పోలిక చేయండి. 2025 జూలై నుంచి కొత్త ఖాతా తెరిచినవాళ్ళకు అమెజాన్ 200 డాలర్ల వరకు క్రెడిట్లు ఇస్తోంది, జాగ్రత్తగా వాడుకుంటే అవి సరిపోతాయి. మీ ఊళ్ళో నిజంగా నడుస్తున్న ఒక వెబ్‌సైట్‌ను, యజమానిని అడిగి, నకలు తీసుకోండి. ఒకే కేంద్రంలో, ఒకే రోజు, రెండు మూడు తరాల మీద నడపండి. ఒక్కో తరానికి ఒక్క మెషిన్‌తో సరిపెట్టకండి. టీ కుటుంబమైతే దాని ప్రాసెసర్ క్రెడిట్లు అయిపోయేదాకా నడపండి, అయిపోకముందు తీసిన కొలత పనికిరాదు. సగటు వేగం రాసి ఊరుకోకండి. నూటికి చివరి ఐదుగురు ఎంతసేపు ఎదురుచూడాల్సి వచ్చిందో కూడా రాయండి, ఫోన్ పట్టుకుని విసుక్కునేది ఆ ఐదుగురే. గంటకు ధర కాకుండా లక్ష పేజీలు చూపించడానికి ఎంతయిందో లెక్క కట్టండి. పని అయిపోగానే మెషిన్లూ డిస్కులూ తీసేయండి, లేకపోతే అమెజాన్ ఇచ్చిన డాలర్ల క్రెడిట్లు ఊరికే కరిగిపోతాయి, డబ్బు కట్టే ఖాతా అయితే ఆపైన బిల్లు మీ పేరునే వస్తుంది.

ఆ ఫలితాలను తేదీ, కేంద్రం, ధరలతో సహా తెలుగులో ఒక పేజీ రాసి, వెబ్‌సైట్ ఇచ్చిన యజమాని చేతిలో పెట్టండి. యజమానులు కూడా ఈ నెల బిల్లు తెరిచి, అందులో అక్షరం పక్కనున్న అంకె ఎంతో చూడండి. ఎం, సీ, ఆర్ పక్కన ఐదుకంటే తక్కువగానీ, టీ పక్కన రెండు గానీ కనిపిస్తే మీ సర్వర్ చూసే మనిషికి ఇవాళే ఫోన్ చేయండి.